ఈరన్న చేను మీద విమానం

యరగేర దాటాక, కొత్తగా తారు పోసిన రన్‌వే దగ్గర తల్లీకూతుళ్లు కారు దిగేసరికి పొద్దు వాలుతోంది. ఆ రోజు ఎళ్ళ అమావాస్య. చుట్టుపక్కల చేలల్లో జనం సజ్జరొట్టెలు, కూరలు నేలతల్లికి చల్లి, బండ్లు కట్టుకుని ఇళ్లకు మళ్లుతున్నారు. అలా చల్లడాన్నే చరగ అంటారు.

సత్యభామకు రాయచూరు బజారులో బట్టల దుకాణం. కూతురు హేమశ్రీ ఎక్కడో దూరాన హాస్టల్లో ఉండి విమానం నడపడం నేర్చుకుని, మొన్ననే ఇక్కడ పనికి కుదిరింది. ఇన్నేళ్లూ ఫోన్లో తిన్నావా, పడుకున్నావా అని అడగడమే తప్ప ఆ పిల్లను దగ్గరుండి కాచుకున్నది లేదు. అందుకే ఇవాళ కూతురు నడిపే విమానంలో వెనక సీట్లో తనూ కూర్చుంటానని పట్టుబట్టింది.

గేటు దగ్గర కాపలా ఉండే ఈరన్న మాత్రం ఇవాళ విమానం తీయొద్దన్నాడు. రన్‌వే కింది నేల ఒకప్పుడు వాళ్లదే. తారు మీద చరగ ఎట్లా చల్లేదని ఈ ఏడు మానేశాడట. హేమశ్రీ పక్క సీట్లో కూర్చునే సీనియర్ పైలట్ పరశురామ్ నవ్వి, ఆ రొట్టేదో విమానానికే పెట్టమన్నాడు.

"హేమా, బెల్టు పెట్టుకున్నవా?"

"ముందు నువ్వు పెట్టుకోవే అమ్మా. ఇది మన స్కూటీ కాదు."

ఇంజన్ హోరెత్తింది. కిటికీ పక్కన కందిచేలు వెనక్కి పరుగెత్తాయి. నేల మీద ఉన్నంతసేపూ విమానాన్ని తిప్పేది ముందు సీట్లలో ఇద్దరి కాళ్ల కిందా ఉండే పెడళ్లేనని హేమ ముందే చెప్పింది.

ఉన్నట్టుండి లోపలంతా తడిమట్టి వాసన... వాన పడి నెలలైంది.

విమానం ఎడమకు లాగింది. హేమ కుడికాలు తొక్కింది. ఇంకా ఎడమకే...

"కాళ్లు తీయుండ్రి సార్," అంది హేమ గుసగుసగా.

పరశురామ్ రెండు మోకాళ్లూ పైకెత్తి చూపించాడు. ముఖం పాలిపోయింది. ఇంజన్ ఆపేశాడు. అయినా తిరుగుతూనే ఉంది... తొందర లేకుండా... సాలు చివర ఎద్దులు మళ్లినట్టు. సత్యభామ చేయి చాచింది. బెల్టు ముందుకు రానివ్వలేదు. కూతురి జడ కొస మాత్రం వేళ్లకు తగిలింది.

తారు దాటి కందిచేలో ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. హేమను దింపి గట్టు మీద కూర్చోబెట్టారు. ఈరన్న పరుగెత్తుకొచ్చి, దూరంగానే ఆగి చెప్పులు విడిచాడు.

"మా నాయన గిక్కడనే అరక మలిపేటోడమ్మా. సచ్చిన దినం గూడ."

సత్యభామ వినిపించుకోలేదు. కూతురి పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతోంది. కుడి పాదం ఆమె అరచేతిని నొక్కింది. తర్వాత ఎడమది. మళ్లీ కుడిది... అరక వెనక నడిచినట్టు, నిదానంగా, బరువుగా.

"ఊకో తల్లీ, అయిపోయింది. కాళ్లు కదపకు."

హేమ తల్లి భుజం పట్టుకుంది.

"నేను కదిలిస్తలేనమ్మా... గట్టిగ పట్టుకో."

సత్యభామ ఉన్న బలమంతా పెట్టి ఆ పాదాలు పట్టుకుంది. ఆ అడుగులు ఆమె చేతుల్లోనే నడుస్తున్నాయి.