మూడు నాగళ్ల పబ్బు నేలమాళిగ

మా హాగ్‌డేల్ ఊళ్లో డిసెంబరు వస్తే మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు పెట్టుకోవాలి. ఆ గురువారం 'మూడు నాగళ్లు' పబ్బులో బల్బు వేసుకుని, పెట్రా, నేను గోడల మీది పాత రంగు గీకుతున్నాం.

ఆ పబ్బు తొమ్మిదేళ్లు మూతపడి ఉంది. చివరికి ఊరంతా కలిసి కొన్నాం. బీరు ఎలాగూ ఉంటుంది. ఒక మూల తపాలా కౌంటర్, ఇంకో మూల పుస్తకాలు, బుధవారాలు ముసలివాళ్లకి వేడి సూపు... ఇదంతా పెట్రా ఆలోచనే. ఆవిడ మా ఊరొచ్చి నాలుగేళ్లు. నేను పుట్టిందే ఆ పబ్బు పైగదిలో. మా అమ్మమ్మ, తర్వాత మా అమ్మ నడిపిన చోటు అది. అయినా గుమ్మం మీద పబ్బు నడిపే మనిషిగా ఎవరి పేరు రాయాలని ఊరి కమిటీలో అడిగితే, అన్ని చేతులూ పెట్రాకే లేచాయి. నాది కూడా. ఎత్తకపోతే బాగుండదని ఎత్తాను.

"ఏం ఎల్సీ, నీ సింహాసనం పరాయిపాలైందటగా!" అన్నాడు పొద్దున గొర్రెలు కాసే ఆమోస్.

నవ్వేశాను. ఆ తర్వాత గోడని మాత్రం పెచ్చులూడేలా గీకాను.

"కింద తేమ ఎంతుందో చూసొస్తానే" అంటూ పెట్రా టార్చి తీసుకుంది. బీరు కౌంటర్ వెనక నేల తలుపు ఎత్తి, ఈల వేసుకుంటూ నేలమాళిగలోకి దిగింది. సొంతింట్లో తిరుగుతున్నంత ధీమాగా.

బయట వాన మొదలైంది. తడిసిన సున్నం వాసన, పొయ్యిలోంచి పాత మసి వాసన. ఉన్నట్టుండి ధడేల్మంటూ నేల తలుపు పడిపోయింది.

"ఎల్సీ! తలుపెత్తవా? లోపల్నుంచి రావట్లేదు."

వెళ్లి వంగి ఇనప కడియం పట్టుకున్నాను. కానీ ఎత్తలేదు.

ఒక్క నిమిషం ఉండనీ, అనుకున్నాను. కాస్త భయపడనీ.

"ఉండనీ..."

ఈసారి అనుకున్నది నేను కాదు. ఎవరో నా చెవి పక్కన అన్నారు. పులిసిన బీరు వాసన. దాని అడుగున బట్టల్లో వేసే కర్పూరం ఉండల వాసన. కడియం మీదున్న నా చేతి మీద ఇంకో అరచెయ్యి పడింది. కనిపించలేదు. చల్లగా ఉంది... తడిగా ఉంది... కిందికి అదుముతోంది.

లాగాను. కదల్లేదు. రెండు చేతులతో లాగాను. కదల్లేదు.

కింద పెట్రా గొంతు తగ్గింది. "ఎల్సీ... నువ్వెప్పుడు దిగావు?"

తలుపు సందుకి చెవి ఆనించాను.

"ఏంటే, చేతులింత చల్లగా ఉన్నాయి? నొప్పెడుతోంది... వదులు..."

"పెట్రా! నేను పైనే ఉన్నాను! అది నేను కాదు!"

కింద ఎవరో మెల్లగా ఏదో చెబుతున్నారు. మాటలు అందలేదు. గొంతు మాత్రం గుర్తుపట్టాను.

నాదే.

ఒక్కసారిగా బరువు పోయింది. తలుపు లేచింది. పెట్రా ఒక్కతే పైకొచ్చింది. టార్చి లేదు. మణికట్టు ఎర్రగా కమిలింది. నా మొహం కూడా చూడకుండా, కోటైనా వేసుకోకుండా వానలోకి వెళ్లిపోయింది.

మర్నాడే కమిటీ నుంచి తప్పుకుంది. గుమ్మం మీద నా పేరు రాశారు. వసంతంలో పబ్బు తెరిచాం. రోజూ కిటకిటలాడుతోంది. అనుకున్నదంతా దక్కింది నాకు.

ఉండబట్టలేక పోయిన వారం పెట్రా ఇంటికి వెళ్లాను. గొలుసు తియ్యకుండా తలుపు సందులోంచి చూసింది.

"ఆ రోజు కింద అది నీతో ఏమంది?" అని అడిగాను.

చొక్కా చెయ్యి మణికట్టు మీదికి లాక్కుంది.

"'నువ్వు పో. నాకు పైనున్న మనిషే కావాలి' అంది" అని గొణిగి, తలుపు మూసేసింది.

అప్పట్నుంచీ గమనిస్తున్నాను. కౌంటర్ దగ్గరికొచ్చిన వాళ్లు గ్లాసు నా చేతిలోంచే అందుకుంటారు. థాంక్స్ మాత్రం నా ఎడమ భుజం పక్కకి చూసి చెబుతారు. అందరూ... ఒకే చోటికి చూసి.