మారు చప్పుడు

మే నెలలో గోదావరిఖని ఎలా ఉంటుందో అక్కడ ఒక్క మధ్యాహ్నం నిలబడ్డవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పైన సూర్యుడు, కింద బొగ్గు, ఊరికో పక్క కరెంటు ప్లాంటు పొగగొట్టాలు. కోడి కూడా నీడ వదిలి కదలదు. అలాంటి వేడిలో, రెండువేల తొమ్మిది ఎండాకాలాన, గోదావరి అవతల నస్పూరు దాటాక అడవిలో ఒక పెద్దమనిషి ఏకంగా వాననే అమ్మకానికి పెట్టాడు. దానికి ‘వానవనం రిసార్ట్’ అని పేరు. టేకుచెట్ల మధ్య ఎక్కడెక్కడివో పెద్దాకుల చెట్లు తెచ్చి నాటించి, కొమ్మల మీదుగా సన్నటి పైపులు వేయించి, ఉండుండి వాన కురిపించేవాడు. కొయ్య కాటేజీలు, పిల్లలకి ఈతకొలను, తాళ్ళ వంతెన, సిమెంటుతో కట్టిన గుహ. పిల్లాపాపలతో వచ్చేవాళ్ళకి ప్రత్యేకమని గేటు దగ్గర రంగుల బోర్డు.

మొగిలి గనిలో బొగ్గు ఎత్తే మనిషి. ఇలాంటి చోటికి తనంతట తాను వెళ్ళేవాడు కాదు. ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు ఆరేళ్ళ కొడుకు రుత్విక్ డబ్బాలో వేసిన కూపనుకి లాటరీ తగిలింది. కుటుంబం మొత్తానికి రెండు రోజులు బస, భోజనం ఉచితం. భార్య సంధ్యారాణి ఉచితమన్న మాటని నమ్మలేదు. సర్వపిండి చేసి డబ్బాకెత్తింది, మామిడికాయ తొక్కు సీసాకెత్తింది, ఊరు ఖాళీ చేసి పోతున్నంత సామాను ఆటో ఎక్కించింది.

దిగీ దిగగానే వాన పడింది. రుత్విక్ చొక్కా విప్పేసి గంతులేశాడు. సంధ్యారాణి ముందు కొంగు నెత్తి మీద కప్పుకుంది, తర్వాత ఎవరూ చూడటం లేదని కొంగు తీసేసి మొహం పైకెత్తి నిలబడింది. పెళ్ళయ్యాక ఆమె అంత హాయిగా నవ్వడం మొగిలి చూడలేదు. చూసి మురిసిపోయాడు కూడా. కానీ ఆ నీళ్ళు పెదాల మీద పడగానే చేత్తో తుడిచేసుకున్నాడు. తుప్పు, గని కప్పుకి ఆనించే దిమ్మెలు కుళ్ళిన కంపు, మందుగుండు కలిసిన వాసన. రోజూ షిఫ్టులో పీల్చే వాసనే. ఇక్కడ, ఈ పచ్చని ఆకుల మధ్య, అది ఎందుకుండాలి?

పంపులూ జనరేటరూ చూసుకునే కుర్రాడు అన్వర్ అటుగా వస్తే అడిగాడు.

“తమ్మీ, ఈ నీళ్లు యాడికెళ్లి తెస్తున్నరు?”

అన్వర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “పాత బొగ్గుబాయియి అన్నా. ఎన్కట ఎవలో కాంట్రాక్టరు తవ్విండట. ఒక్కసారే నీళ్లు దూకినయట. గట్లనే మూసేసిండ్రు. బోరేస్తే గండ్లకే దిగింది. ఎండకాలంల గూడ ఒడువయి నీళ్లు.”

“మనుషులు?”

“తీసిండ్రో లేదో... నాకెట్ల తెలుస్తదన్నా? నేను చెప్పిన్నని సార్లకు చెప్పకు, గరమైతరు.”

మొగిలి ఆ సంగతి భార్యకి చెప్పలేదు. నవ్వుతున్న మనిషిని ఎందుకు భయపెట్టడం అనుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పోయినేడు మొగిలికి రెస్క్యూ ట్రైనింగ్ ఇచ్చారు. గనిలో కప్పు కూలి మనుషులు చిక్కుబడితే, లోపలివాళ్ళు రాయి తీసుకుని పైపు మీదో బండ మీదో మూడు దెబ్బలు కొడతారు. విన్నవాడు వెంటనే తానూ మూడు కొట్టాలి. దాన్ని వాళ్ళు మారు చప్పుడు అనేవారు. విన్నాం, వస్తున్నాం, ప్రాణం నిలుపుకో అని దానర్థం. ఒకసారి మారు ఇచ్చాక వెనక్కి తిరగడం లేదు. చెయ్యి దొరికితే అది ఎవరిదని అడగకూడదు, వెలుతురులోకి తెచ్చేదాకా విడవకూడదు. నేర్పిన సారు ఎంత కటువుగా చెప్పాడో, మొగిలి ఇంటికొచ్చి కొడుక్కి అంత ముద్దుగా నేర్పాడు. రుత్విక్ మంచం కింద దూరి మూడు కొట్టేవాడు. మొగిలి మంచం కోడు మీద మూడు కొట్టి, చెయ్యి పట్టి బయటికి లాగేవాడు. “బాయిల చాలదా, ఇంట్ల గూడ గదే పనా?” అని సంధ్యారాణి కసిరేది.

పొద్దు వాలింది. సంధ్యారాణి కాటేజీలో తలారబెట్టుకుంటోంది. మొగిలి గుహ ముందున్న బల్ల మీద కూర్చున్నాడు. రుత్విక్ గుహలోకి దూరతాడు, బయటికొస్తాడు, మళ్ళీ దూరతాడు. కీచురాళ్ళు మొదలెట్టాయి. రంగు దీపాలు వెలిగాయి. మొగిలి బీడీ ముట్టించుకుని, ఇలాంటి సుఖం మనకీ రాసిపెట్టి ఉందా అనుకున్నాడు.

అప్పుడు కరెంటు పోయింది.

దీపాలు, పంపు, దూరంగా మోగుతున్న పాట, అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. చెట్లు దట్టంగా ఉండటంతో ఆకాశంలో మిగిలిన వెలుతురు కూడా కిందకి దిగలేదు. ఫోను కాటేజీలో ఛార్జింగ్‌కి పెట్టి వచ్చాడు. కీచురాళ్ళు కూడా ఎందుకు ఊరుకున్నాయో తెలియదు.

“రుత్విక్... రా బిడ్డా, పోదాం.”

మొగిలి లేచి గుహ వైపు రెండడుగులు వేశాడు.

గుహలో నుంచి చప్పుడు వచ్చింది. ఠక్... ఠక్... ఠక్.

మొగిలికి నవ్వొచ్చింది. ఇంత చీకట్లోనూ వీడికి ఆటే. గుహ నోటి దగ్గర నీళ్ళ పైపు ఉంది. తడుముకుని, రాయి తీసుకుని దాని మీద మూడు కొట్టాడు. చెయ్యి అలవాటుగా చేసేసింది, బుర్రని అడగలేదు.

తర్వాత లోపల్నుంచి మళ్ళీ మూడు. ఈసారి ఆత్రంగా, గబగబా. ఆ వెనకనే ఇంకెక్కడో, ఇంకా లోతున... ఇంకో మూడు.

మారుమోత అనుకున్నాడు. వంగి, మోచేతుల మీద లోపలికి పాకాడు. చల్లగా ఉంది. కింద తడి. తుప్పు వాసన ముక్కు మూసేస్తోంది. పాకుతున్నాడు, ఇంకా పాకుతున్నాడు... పిల్లల కోసం కట్టిన గుహ ఇంత పొడుగెందుకుంటుందన్న అనుమానం అప్పుడు రాలేదు. కొడుకు లోపలున్నాడు, వాణ్ని తీయాలి. అంతే.

వేళ్ళకి వేళ్ళు తగిలాయి.

చిన్న చెయ్యి. తడిసి మంచులా ఉంది. మొగిలి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాడు. బయటికొచ్చి గుండెలకి హత్తుకున్నాడు. పిల్లాడు రెండు చేతులూ మెడ చుట్టూ వేసి, మొహం భుజంలో దాచుకున్నాడు. ఒళ్ళంతా వణుకుతున్నాడు.

“భయమైందా? బాపు వచ్చిండు కద...”

పిల్లాడు పట్టు ఇంకా బిగించాడు.

వాన మొదలైంది. ఆకుల మీద టపటపా పడుతోంది. కరెంటు లేదు, పంపు ఆడటం లేదు... వాన మాత్రం పడుతోంది. మొగిలి అడుగులు తొందర చేశాడు. దారి పక్కనే పైపు. మొగిలి నడిచినంత దూరమూ, ఆ పైపులో చప్పుళ్ళు వెంట వచ్చాయి. మూడు... మూడు... మూడు. ఒకరు కాదు. చాలామంది.

కాటేజీ కిటికీలో కొవ్వొత్తి వెలుగు కనిపించి ప్రాణం లేచొచ్చింది. మోకాలితో తలుపు నెట్టాడు.

సంధ్యారాణి మంచం మీద కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో, తువ్వాలు చుట్టుకుని, సర్వపిండి ముక్క కొరుకుతూ... రుత్విక్.

“యాడికి పోయినవయ్యా?” అంది ఆమె, తలెత్తకుండా కొడుకు జుట్టు తుడుస్తూ. “కరెంటు పోంగనే పిలగాడు ఒక్కడే ఉరికొచ్చిండు. మొత్తం నానిపోయిండు...”

తలెత్తింది.

ఒళ్ళో ఉన్న పిల్లాడు మొగిలి వంక చూశాడు. “బాపూ... గదెవలు?”

మొగిలి భుజం మీద, చెవి పక్కన, తడి ఊపిరి తగిలింది. అదే గొంతు. అదే భయం.

“బాపూ... గదెవలు?”

సంధ్యారాణి కెవ్వుమంది. ఆ తర్వాత ఏం జరిగిందో మొగిలికి వరసగా గుర్తులేదు. మెడ చుట్టూ ఉన్న చేతుల్ని విడదీశాడు. అవి విడలేదు. ఒక్కో వేలూ విరిచినట్టు తీశాడు. కింద దించాడా, విసిరాడా... వానలో ఏదో పడ్డ చప్పుడు. “బాపూ!” అన్న ఒక్క కేక. తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, దానికి వీపు ఆనించి కూలబడ్డాడు.

తలుపు మీద మూడు దెబ్బలు.

అతని చెయ్యి దానంతటదే లేచింది. సంధ్యారాణి వచ్చి మీద పడి ఆ చెయ్యి పట్టుకుంది.

“ఇయ్యకు,” అంది గుసగుసగా. “నీకు దండం పెడత... మారు ఇయ్యకు.”

“సంధ్యా... ఒకవేళ బయటోడే మనోడైతే?”

“మనోడు ఈడున్నడు. చూడు. మంచం మీదున్నడు.”

చూశాడు. మంచం మీద పిల్లాడు కొవ్వొత్తి వంక చూస్తూ కూర్చున్నాడు. ఏడవలేదు. ఒక్క రవ్వ కూడా ఏడవలేదు. ఏడ్పంతా తలుపు అవతల ఉంది.

మొదట ఆ దెబ్బలు తలుపు మధ్యలో పడ్డాయి. కాసేపటికి కిందకి దిగాయి. ఆ తర్వాత గడప దగ్గర, గోళ్ళతో గీకినంత మెల్లగా. సంధ్యారాణి కొడుకు చెవులు మూసి, తన కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచింది. తలుపు తీస్తే లోపలున్నవాడికేమవుతుంది? తియ్యకపోతే బయటున్నవాడికేమవుతుంది? మొగిలి రాత్రంతా ఆ రెండు ప్రశ్నల మధ్యే కూర్చున్నాడు. ఎప్పుడు ఆగిందో తెలియదు. ఆగిందని తెలిసినప్పుడు మాత్రం అతని గుండె కుదుటపడలేదు.

తెల్లారాక అన్వర్ టీ తెచ్చాడు. మొగిలి బట్టలు చూసి ఆశ్చర్యపోయాడు.

“ఏందన్నా గిట్ల నానినవ్?”

“రాత్రి వాన...”

“యాడి వాన? కరెంటే లేకపాయె. జనరేటరు గూడ కరాబైంది. ఒక్క చుక్క పడలే.”

వరండా పొడిగా ఉంది. దారిలో దుమ్ము లేస్తోంది. మొగిలి గుహ దగ్గరికి పోయి వంగి చూశాడు. మనిషి చెయ్యి చాపితే అందేంత దూరంలో సిమెంటు గోడ. పిల్లలు కూర్చోవడానికి ఒక అరుగు, రంగులు వేసిన పులి బొమ్మ. ఎటూ దారి లేదు. చుట్టుపక్కల పొదలన్నీ వెతికాడు. కొలను చూశాడు. పేరు పెట్టి పిలవబోయి, కాటేజీ మెట్ల మీద కూర్చున్న కొడుకుని చూసి నోరు మూసుకున్నాడు. ఉన్న కొడుకుని వెతికేవాణ్ని ఏమంటారు?

ఆ పొద్దే తిరిగొచ్చేశారు. ఇంటికి రాగానే సంధ్యారాణి తలుపులు వేసి కొడుక్కి స్నానం చేయించింది. చెవి వెనక పుట్టుమచ్చ ఉంది. మోకాలి మీద సైకిల్ గాయం మచ్చ ఉంది. వాడికి పాఠాలన్నీ గుర్తున్నాయి, స్నేహితుల పేర్లు గుర్తున్నాయి, అమ్మమ్మ ఫోన్ చేస్తే ముద్దుముద్దుగా మాట్లాడాడు. ఆమె ఏడ్చి, కొడుకుని ముద్దులతో ముంచేసి, “మనోడే” అంది. మొగిలి కూడా “మనోడే” అన్నాడు. ఎవరూ ఇంకో మాట ఎత్తలేదు. మొగిలి డ్యూటీకి పోతున్నాడు, వస్తున్నాడు. నిద్రలో మాత్రం వేళ్ళు విడదీస్తున్నట్టు చేతులాడించేవాడు. సంధ్యారాణి చూసి, అటు తిరిగి పడుకునేది.

మృగశిర వచ్చింది. ఊరికి నిజమైన వాన పడింది, మట్టివాసన ఇంట్లోకొచ్చింది. ముగ్గురూ నేల మీద కూర్చుని అన్నం తింటున్నారు. రుత్విక్ ముద్ద కలుపుకుంటూ, బడి సంగతి అడిగినంత మామూలుగా అడిగాడు.

“బాపూ, నేను తలుపు బయట గంతసేపు ఏడ్చిన గదా. తలుపెందుకు తియ్యలే?”

సంధ్యారాణి చేతిలో గరిటె ఆగింది.

“నువ్వు లోపల్నే ఉంటివి గదా బిడ్డా,” అంది ఆమె. “నా ఒళ్లనే పంటివి...”

వాడు అమ్మ మొహం చూశాడు. బాపు మొహం చూశాడు. ఇద్దరి మొహాల్లోనూ ఏం కనిపించిందో, చెప్పబోయిన మాట మింగేశాడు. పెద్దవాళ్ళని ఏడిపించకూడదని తెలిసిన పిల్లాడిలా తల వంచుకుని, పళ్ళెం ముందుకు జరిపి, ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు.