అత్తిపత్తి లాంతరు

ఆ అక్టోబరులో నా ఆస్తి ఇది: మా ఊరు శాన్ ఫెర్నాండోలో చర్చి వీధిన బల్బులు, వైర్లు, టేపులు అమ్మే దుకాణం, దాని మీద రెండు గదులు, ఎలాంటి సరుకునైనా అంటగట్టగల నోరు. లోటంటూ ఏదీ ఉందనుకోలేదు.

వాన కాస్త తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి గొడుగు మూయకుండానే లోపలికొచ్చి, కౌంటరు మీద అట్టపెట్టె బోర్లించింది. తలపిన్నులు గలగలమంటూ నాలుగువైపులా దొర్లాయి.

"వీటిని ఏమని అమ్మావు?"

"తలపిన్నులని. ఏం, మీ జడకు నప్పలేదా?"

"జడకా! ఒక్క బల్బు వెలిగితే ఒట్టు. నల్లరంగు పూసిన పిన్నులోంచి కరెంటు ఎలా పోతుందయ్యా?"

తప్పు నాదే. మా ఊళ్ళో తలపిన్నులు ఆడవాళ్ళ కంటే లాంతర్లకే ఎక్కువ పోతాయి. క్రిస్మస్ ముందు జరిగే పోటీకి పేటకొకటి చొప్పున, మేడంత ఎత్తున కట్టే లాంతర్లు మావి. బల్బుల తీగలన్నీ వెనక వరసగా బిగించిన పిన్నులకు చేరతాయి. ఆ పిన్నుల్ని ఒరుసుకుంటూ ఇనప పీపా తిరుగుతుంది. పీపా మీద ఇనుము తగిలితే బల్బు వెలుగుతుంది, దానికి అంటించిన టేపు తగిలితే ఆరుతుంది. అంటే లాంతరు ఆడే ఆటంతా టేపును కత్తిరించే చేతిలో ఉంటుంది. ఇదంతా తెలిసి కూడా నేను తళతళలాడుతున్నాయని రంగు పూసిన రకం తెప్పించాను.

"మార్చి ఇస్తాను. వచ్చేవారం కొత్త సరుకు వస్తుంది."

"అప్పటిదాకా నేనేం చెయ్యను, గోళ్ళు గిల్లుకోనా? ఉప్పుకాగితం తీసుకుని నువ్వే వచ్చి రంగు గీకు."

ఆమె నింఫా. మా పేట లాంతరు ఏళ్ళ తరబడి గీసిన ఫాబియన్ మాస్టారి కూతురు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ఈ ఏడు కత్తెర ఆమె పట్టింది. పేటపెద్ద రొములో అందుకు సగం మనసుతోనే ఒప్పుకున్నాడు. జనం మెచ్చకపోతే వచ్చే ఏటినుంచి బయటి డిజైనర్‌ని పెట్టుకుంటామని నలుగురి ముందూ చెప్పేశాడు.

దుకాణం మూసి వెళ్ళాను. మంచి ఖాతాదారుని పోగొట్టుకోకూడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

రేకుల షెడ్డులో కూర్చుని పిన్నులు గీకుతూ, గోడకు అంటించిన బొమ్మ చూశాను.

"ఇదేం పువ్వండీ?"

"పువ్వు కాదు, ఆకు. అత్తిపత్తి."

"దారిపక్కన చెప్పుల కింద పడి నలిగేదా? పక్క పేటవాళ్ళు నక్షత్రాలు కడుతున్నారు. మనం కలుపు మొక్క కడదామా?"

ఆమె నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. గోడవార కూర్చుని గొడుగు విప్పింది. నాకు పట్టలేదు, మొక్కకు పట్టింది.

"చినుకు పడినా ముడుచుకుంటుంది పాపం. ఇప్పుడు చూడు."

ఆకు కొసను వేలితో తాకింది. చిట్టి ఆకులు కొస నుంచి కాడ వైపు, జత వెనక జత, గబగబా ముడుచుకుపోయాయి.

"మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుంది?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు. ముడుచుకోవడం గబగబా, తెరుచుకోవడం తాపీగా. నా లాంతరంతా అదే. టేపు ఒక అంచు నిటారు మెట్లు, రెండో అంచు ఏటవాలు."

వీపు తడుస్తున్నా కూర్చునే ఉన్నాను. వానలో తడిసిన ఆమె ముంగురులు చెంపకు అంటుకున్నాయి.

"మొక్క ఇటుంది" అంది, నా వైపు చూడకుండానే.

నేను గొంతు సవరించుకున్నాను. "వ్యాపారం తెలిసినవాణ్ణి, ఒక మాట చెప్తా వినండి. సరుకు చూపించే వేళ దీపాలార్పే దుకాణదారు ఎక్కడా ఉండడు. ఆకంతా ముడుచుకుంటే లాంతరు మొత్తం చీకటే. జనం అంతసేపు ఆగరు."

"నువ్వు ఆగావుగా?"

బేరంలో నా నోరు మూయించిన మొదటి మనిషి ఆమే.

పిన్నుల పని అయిపోయినా నేను షెడ్డుకు వెళుతూనే ఉన్నాను. టేపు తగ్గిందేమో చూడాలి, వైరు సరిపోయిందో లేదో అడగాలి. మాస్టారు నవ్వుకునేవారు. పీపా తిప్పే పాతమనిషికి భుజం పట్టేసినప్పుడు ఆయనే నన్ను చూపించి కూతురితో అన్నారు.

"ఆర్సెనియోను పెట్టమ్మా. బేరం తెగేదాకా కిమ్మనకుండా కూర్చోగలడు. పీపా తిప్పేవాడికి ఆ ఓర్పే కావాలి."

కానీ రిహార్సల్‌లో ఆ ఓర్పు ఏమైందో! ఆకంతా ఆరి చీకటి వచ్చేసరికి నా చేతులు వాటంతటవే పీపాను గబగబా తిప్పేసేవి.

"అక్కడికొచ్చేసరికి నిన్నెవరైనా తరుముతున్నారా?" అని నింఫా అరిచింది.

"భయమేస్తోంది."

"లాంతరు నాది. నీకెందుకు భయం?"

"నీదనే."

నా 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరం గమనించలేదు. ఆమె టేపు కత్తిరించడంలో మునిగిపోయింది. ఆ ముక్క మాత్రం వంకరగా తెగింది. పీకేసి మళ్ళీ అంటించింది.

పోటీ సాయంత్రం లాంతర్లు వరసగా నిలబడ్డాయి. ఎర్ర నక్షత్రాలు గిరగిరా తిరిగి జనం కళ్ళు చెదరగొట్టాయి. తరవాత వంతు మాది. బ్యాండు అందుకుంది. లేత ఆకుపచ్చ ఆకు వెలిగింది. నింఫా చెయ్యి ఎత్తి సైగ చేసింది. కొస నుంచి జతజతగా ఆకులు ముడుచుకున్నాయి. కాడ కూడా ఆరిపోయింది.

చీకటి.

"కరెంటు పోయిందిరోయ్!" అని ఎవడో కేకేశాడు. ఈలలు మొదలయ్యాయి.

రొములో పరిగెత్తుకొచ్చి నా చెవిలో అరిచాడు. "తిప్పరా బాబూ! పేట పరువు పోతోంది, తిప్పు!"

ఒక్క గుంజు గుంజితే అన్ని బల్బులూ వెలుగుతాయి. ఈలలు ఆగుతాయి. ఆమె గీసింది మాత్రం పోతుంది. నింఫా వైపు చూశాను. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. నా వైపే చూస్తోంది, తిప్పేస్తానేమోనని.

తిప్పలేదు. పిడి మీద చేతులు బిగించి నిలబడ్డాను. బేరంలో ముందు నోరు విప్పినవాడిదే నష్టం.

ఈలలు ఒక్కొక్కటే పలచబడ్డాయి. జనం మెడలు సాచారు. అప్పుడు ఆమె చెయ్యి నెమ్మదిగా దిగింది. కాడ దగ్గర ఒక జత ఆకులు బద్ధకంగా వెలిగాయి. ఆగి, ఇంకో జత.

"తెరుచుకుంటోందే!" అంది ముందు వరసలో ఒక ముసలావిడ.

చివరి జత కూడా వెలిగాక, మధ్యలో గులాబీరంగు పూబంతి విచ్చుకుంది. చప్పట్లలో బ్యాండు వినబడలేదు.

మొదటి బహుమతి నక్షత్రాలకే పోయింది. మాకు మూడోది. అయినా రొములో ఛాతీ పొంగించి, "ఈ పిల్ల చేస్తుందని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను! వచ్చే ఏడూ నువ్వేనమ్మా" అన్నాడు. నింఫా నన్ను చూసి కన్ను గీటింది.

క్రిస్మస్ ముందు వేకువ ప్రార్థనలకు తొమ్మిది రోజులూ వెళ్ళినవాళ్ళ కోరిక నెరవేరుతుందని మా నమ్మకం. నేను చివరి రోజు మాత్రమే వెళ్ళాను. బయటికొచ్చాక, కుంపటి మీద నుంచి అప్పుడే తీసిన వేడివేడి బియ్యప్పిండి రొట్టె, బిబింకా, కొని, చర్చి మెట్ల మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"ఒక్క రోజుకి కోరిక చెల్లదు" అంది, నా రొట్టెలో సగం తుంచుకుంటూ.

"తెలుసు. అందుకే దేవుణ్ణి అడగలేదు. నిన్నే అడుగుదామని వచ్చా. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె తాపీగా నమిలింది.

"నేను తొమ్మిది రోజులూ వచ్చాను" అంది చివరికి.

"ఏం కోరుకున్నావు?"

"ఆ దుకాణదారు నోరు విప్పాలని. అన్నీ అమ్ముతాడు, ఇదొక్కటీ అడగడేమని."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఇంకా అర్థం కాలేదా? ఈ తెలివితో వ్యాపారం ఎలా చేస్తున్నావయ్యా?"

వెనక మెట్టు మీద నుంచి ఒక వణికే చెయ్యి నా భుజం మీదుగా వచ్చి మిగిలిన సగం తీసుకుంది. మాస్టారు.

"అమ్మాయి ఒప్పుకుంది కదా, నాకేం అభ్యంతరం లేదు అల్లుడూ" అన్నారు నోటినిండా రొట్టెతో. "ఇది బాగుంది. రేపు ఇంకోటి తే."

చివరికి తేలిన లెక్క ఇది. పేటకు మూడో బహుమతి, ఆమెకు వచ్చే ఏటి లాంతరు, నాకు ఒక పెళ్ళికూతురు, ఒక మామగారు. ఆ పొద్దున ఖాళీ కడుపుతో ఇల్లు చేరాను. అంత లాభంతో అంతకుముందెన్నడూ చేరలేదు.