చెట్లకు కొట్టిన బోర్డులు

"మా బోర్డులు ఎవరు పీకారు?"

ఇఫ్రా అరుపుకి లంచ్ బాక్సులు తెరుస్తున్న పిల్లలంతా ఉలిక్కిపడ్డారు.

కానుగ చెట్టుకు బోర్డు లేదు. పక్కనున్న బాదం చెట్టుకీ లేదు. గవర్నర్‌పేటలోని ఆ స్కూల్లో చెట్లన్నిటికీ నిన్న సాయంత్రమే ఇఫ్రా, అక్షయ కలిసి చెమటలు కక్కుతూ బోర్డులు కొట్టారు. బోర్డు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని స్కాన్ చేస్తే వాళ్లిద్దరూ తయారుచేసిన యాప్ తెరుచుకుని, ఆ చెట్టు కబుర్లు చెబుతుంది. గొంతు ఇఫ్రాదే. ఆటలన్నీ మానుకుని చేసిన యాప్! ఇంకాసేపట్లో హెడ్మాస్టర్ వెంకటప్పయ్యగారు చూడ్డానికి వస్తారు. నచ్చితే అన్ని క్లాసులకూ ఇస్తానన్నారు.

ఇప్పుడు ఆయనకేం చూపించాలి? ఉత్త మానులా?

"ఎంత పొగరు! దొరకనీ, చెప్తా వాళ్ల పని," అంది ఇఫ్రా పళ్లు నూరుతూ.

"అదుగో, చూడవే!" అంది అక్షయ.

గోడ పక్క వేపచెట్టు దగ్గర ఐదో క్లాసు బ్లెస్సీ ఉంది. కటింగ్ ప్లేయర్‌తో మేకు పట్టుకుని, కాలు మానుకు తన్నిపెట్టి లాగుతోంది. పీకిన బోర్డులన్నీ పక్కనే ఉన్నాయి.

ఇఫ్రా ఒక్క ఉదుటున వెళ్లింది. "బుద్ధుందా నీకు? ఎవరినడిగి పీకావ్?"

బ్లెస్సీ బెదరలేదు. పైగా ఆ పిల్లకీ కోపంగానే ఉంది.

"మీకే లేదక్కా! నిన్న మా క్లాసులో యాప్ వినిపించారుగా. మేకులు కొడితే చెట్టుకి గాయమై పురుగు పడుతుందని మీరే చెప్పారు. మళ్లీ మీరే కొడతారా?"

ఆ ముక్క రాసిందీ ఇఫ్రానే, చదివిందీ తనే. వీధి చెట్లకు ట్యూషన్ బోర్డులు కొట్టేవాళ్ల మీద మండిపడుతూ రాసింది. తమది మంచి పనే కదా అనుకుని తనూ కొట్టేసింది. మంచి పనికి కొడితే మాత్రం చెట్టుకి గాయం కాదా ఏం?

మేకు ఊడిన చోట బెరడు చీలి ఉంది. ఇఫ్రాకి తన మీద తనకే ఒళ్లు మండింది.

"అక్షయా, ఇంకో ప్లేయర్ తేవే," అంది.

హెడ్మాస్టర్‌గారు వచ్చేసరికి బోర్డులు చెట్ల పక్కన నేలలో పాతిన కర్రల మీద ఉన్నాయి.

"ఇదేంటమ్మా, చెట్లకు కొడతామన్నారుగా?"

"కొట్టామండీ. తప్పు చేశాం. బ్లెస్సీ పీకింది."

ఆయన ఒక్కో కోడ్ స్కాన్ చేసి, వింటూ, మెచ్చుకుంటూ గేటు దాకా వచ్చారు. అక్కడ నిద్రగన్నేరు మానుకు స్కూలు అడ్మిషన్ల బోర్డు ఉంది. ఎంతెంత మేకులో!

సార్‌కి కోపమొస్తే యాప్ గతేంటి? అయినా ఇఫ్రా ఊరుకోలేకపోయింది.

"సార్, ఇది మీరు పీకిస్తారా, మమ్మల్ని పీకమంటారా?"

వెంకటప్పయ్యగారి ముఖం ఎర్రబడింది. చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.

"పై మేకులు నేను పీకుతా. అవి మీకందవు."