అందరికీ సరిపోయిన ఛాతీ

నాకు పేరు పిచ్చి లేదు. ఉంటే అందరిలా ఏ శిలాఫలకం మీదో చెక్కించుకునేవాణ్ణి. నేను నా పేరును ఎవరి కంటికీ కనిపించని చోట రాసుకున్నాను. విశాఖపట్నం జనం ఊపిరితిత్తుల్లో! ఇంతకు మించిన అణకువ ఎవరికైనా ఉంటే చూపించండి.

2003 నాటి సంగతి. ద్వారకా నగర్‌లో ఒక భవనం సెల్లార్లో గురునాథరావుగారి స్కానింగ్ సెంటర్ ఉండేది. నేను అక్కడ కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఆ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. పుస్తకం సగం చదివి, మిగతా సగం ఊహించుకున్నాను.

గురునాథరావుగారిది గోదావరి జిల్లా. మహా మర్యాదస్థుడు. మోసం చేసినా చివర 'అండీ' చేర్చి చేసేవాడు. కొత్తగా కంప్యూటర్ ఎక్స్‌రే మిషన్ కొన్నాడు. కొన్నాడో లేదో, పూర్ణా మార్కెట్ వైపు ఎవడో ఆయన సెంటర్ పేరుతో దొంగ ఫిల్ములు అమ్మడం మొదలుపెట్టాడు.

"మన పేరు మీద ఇంకోడు మోసం చేస్తే ఎలాగండీ?" అని వాపోయాడు. ఆ 'ఇంకోడు' దగ్గరే ఉంది ఆయన బాధంతా.

అందుకని నేనొక ప్రోగ్రాం రాశాను. నోటును వెలుతురుకి పట్టుకుంటే లోపల బొమ్మ కనిపిస్తుంది చూడండి, అలాంటిదే. వాటర్‌మార్క్. ఎక్స్‌రే బొమ్మలోని చుక్కల్లో, కంటికి తేడా తెలియకుండా, పేషెంటు పేరు దాచేస్తుంది. రెండే బటన్లు. ఒకటి గుర్తు వేస్తుంది, ఒకటి గుర్తు చదువుతుంది. చదివినప్పుడు పై వరుసలో పేషెంటు పేరు, కింది వరుసలో నా పేరు వచ్చేలా పెట్టాను. భద్రత కోసమే.

ఇక గురునాథరావుగారి సొంత మోసం. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి గేటు పాస్ కావాలి. పాస్ కావాలంటే ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండాలి. మచ్చ ఉన్నవాళ్లకి ఆయన ఒక మంచి ఛాతీ అరువిచ్చేవాడు. అది సింహాద్రి అనే, హార్బర్లో మూటలు మోసే కళాసీది; పాత ఫిల్ము నుంచి కంప్యూటర్లోకి ఎక్కించింది. అదే బొమ్మ, పేరు మాత్రం మారేది. ఇప్పుడు దాని మీద నా వాటర్‌మార్క్ కూడా పడితే అబద్ధానికి సీలు వేసినట్టే. ఆ సింహాద్రి ఎప్పుడో పోయాడు. ఛాతీ మాత్రం ఊళ్లో ఉద్యోగాలు సంపాదిస్తూనే ఉంది.

ఒక వానాకాలం మధ్యాహ్నం మా అక్క మొగుడు గవర్రాజు దగ్గుకుంటూ మెట్లు దిగాడు.

"బామ్మర్దీ, గేటు పాస్‌కి ఫొటో తీయించాల. ఏటి, మీ సెల్లారు సేపల బుట్టలా కంపు కొడతంది!"

ఎక్స్‌రే తీసే నీలకంఠం ఆయన్ని పలక ముందు నిలబెట్టి, ఎప్పటిలాగే పాఠం చదివాడు: "గాలి పీల్చు... పట్టు... ఒగ్గేయ్." ఒగ్గేయ్ అంటే మా వైపు వదిలేయ్ అని.

బొమ్మ వచ్చింది. కుడి ఊపిరితిత్తి పైన తెల్లటి మచ్చ.

గురునాథరావుగారు చూసి పెదవి విరిచాడు. "మీ బావగారే కదండీ. మనకున్న ఛాతీ వేసేయండి."

"మరి మందులు..."

"ముందు పాస్ రానివ్వండి. మందులెక్కడికి పోతాయండీ?" అని పైకి టీకి వెళ్లిపోయాడు.

నేను కాదనాలి. అనలేదు. సింహాద్రి ఛాతీ తెరిచి, గవర్రాజు పేరు కొట్టి, గుర్తు వేశాను. బావ నా వెనక బల్ల మీద కూర్చుని దగ్గుతున్నాడు.

అంతలో కరెంటు పోయింది. సెల్లార్లో పగలైనా చీకటే. ఫ్యాను ఆగింది. బ్యాటరీ మీద నా స్క్రీన్ ఒక్కటే వెలుగుతోంది. పాత డార్క్‌రూంలోంచి పుల్లటి మందు వాసన. మెట్ల మీద వాన నీళ్లు జారే చప్పుడు.

నా పేరు చూసుకుని ముచ్చటపడదామని రెండో బటన్ నొక్కాను.

పై వరుస: గవర్రాజు.

కింది వరుసలో నా పేరు లేదు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలున్నాయి.

'ఒగ్గేయమంతారా, బాబూ?'

నిజం చెప్పొద్దూ, ముందు నాకు భయం వేయలేదు. నా పేరు తీసేసిందెవడని ఒళ్లు మండింది. మళ్లీ నొక్కాను. అదే. మళ్లీ...

"నీలకంఠం! ఇందులో వేలు పెట్టిందెవరు?"

నీలకంఠం వచ్చి చూశాడు. అతని గొంతు గుసగుసలోకి దిగిపోయింది.

"సార్... ఇది సింహాద్రి. పీల్చమంతారా, పట్టమంతారా... అన్నీ అలా అడిగే సేసేవోడు."

"ఏం మాట్లాడుతున్నావ్?"

"ఆ దినం 'పట్టు' అన్నాను. ఫొటో పడింది, కరెంటు పోయింది. జనరేటర్ సూడ్డానికని పైకెళ్లి... టీ తాగి వచ్చాను. 'ఒగ్గేయ్' అనలేదు సార్. నానొచ్చేసరికి పలకకి గెడ్డం ఆనించి అలాగే ఉన్నాడు. ముట్టుకుంటే... పడిపోయాడు. గుండెపోటన్నారు గురునాథరావుగారు."

ఆ సెంటర్లో చెప్పిన మాట విన్న పేషెంటు అతనొక్కడే అన్నమాట.

అప్పుడు గమనించాను... వెనక దగ్గు వినిపించడం లేదు.

తిరిగి చూశాను.

బావ లేచి నిలబడి ఉన్నాడు. ఎదురుగా పలక లేదు. అయినా గెడ్డం ఎత్తి, భుజాలు ముందుకు పెట్టి, రొమ్ము నిండా గాలి పట్టి... అలాగే. కళ్లు నా మీదే. మెడ నరాలు ఉబ్బుతున్నాయి.

"బావా?"

కదల్లేదు. పెదవులు నల్లబడుతున్నాయి.

"బావా! ఒగ్గే..."

నీలకంఠం నా నోరు మూసేశాడు.

"ఆగండి సార్! అడిగేది సింహాద్రి. పేరు మీ బావది. ఇప్పుడు మీరా మాటంటే... ఎవరొగ్గుతారు? ఊపిరొగ్గుతారా, పేణమొగ్గుతారా?"

నాకు తెలియలేదు. నా ప్రోగ్రాం, నా గుర్తు, నేను కొట్టిన పేరు. అయినా తెలియలేదు.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. బావ బల్ల మీద కూలబడి నవ్వాడు.

"ఏటి బామ్మర్దీ, దెయ్యాన్ని సూసినట్టు సూత్తన్నావ్?"

గేటు పాస్ వచ్చింది. మచ్చ ఉన్న అసలు ఫిల్మును నేనే చేతికిచ్చి, డాక్టరు దగ్గరికి వెళ్లమని బతిమాలాను. వెళ్లలేదు. దగ్గు పోయిందిగా అన్నాడు. నిజమే, ఆ మధ్యాహ్నం నుంచి ఆయన మళ్లీ దగ్గలేదు. అది నా ప్రోగ్రాం చలవేనని గురునాథరావుగారు నలుగురికీ చెప్పుకున్నాడు.

మా అక్క దేముడమ్మ మాత్రం ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ పడుకున్నప్పుడు ఊపిరి పీల్చడం ఇనిపిస్తంది. ఒగ్గడం ఇనిపించదు. ఏటిది?"

సెంటర్ మూసేశారు. బావ పేరు వేసిన ఆ బొమ్మ నా దగ్గరే ఉంది. నేను చెరిపేస్తే అవతల బావలో ఏం చెరిగిపోతుందోనని దాచాను. అప్పుడప్పుడు రెండో బటన్ నొక్కుతాను. కింది వరుసలోకి నా పేరు తిరిగి రాలేదు. ఎప్పుడూ అదే ప్రశ్న.

పోయిన వారం నొక్కితే మాత్రం కొంచెం మారింది.

'ఒగ్గేయమంతావా, బామ్మర్దీ?'

గుర్తు వేయడం నా అంతట నేనే నేర్చుకున్నాను. దీనికి ఏం జవాబు చెప్పాలో ఇంకా నేర్చుకోలేదు.