గుంతలోంచి అందిన మాటలు

ఆ నాటకాల హాల్లో, స్టేజికి ముందువైపు సరిగ్గా మధ్యలో ఒక చెక్క పలక ఉంది. దానిమీద నటులెవరూ కాలు పెట్టరు. చుట్టూ తిరిగి వెళ్తారు. చీకటి పడ్డాక అయితే అటువైపు చూడను కూడా చూడరు.

పలక కింద గుంత ఉంది. వెనకటి రోజుల్లో ఒక ముసలి ప్రాంప్టరు అందులో కూర్చుని, నటులు మర్చిపోయిన మాటల్ని కిందనుంచి అందించేవాడట. ఒక నాటకం నడుస్తుండగానే ఆ ముసలాయన ప్రాణం అక్కడే పోయిందనీ... పోయాక కూడా అందించడం మానలేదనీ... అదీ ఆ చోటికున్న పేరు.

నిజం చెప్పాలంటే, ఆ ముసలాయన అసలు లేనేలేడు. ఆ కథ పుట్టించింది ఒక అక్కా, ఆమె తమ్ముడూ.

కొత్త కళాకారుల కోసం ఏటేటా అక్కడ నాటకోత్సవం నడిపింది వాళ్ళే. ఎవరు ఆడాలో, ఎవరు ఇంటిదారి పట్టాలో అక్క తేల్చేది. స్టేజీ, తెరలూ, సామానూ తమ్ముడి పని. భయపడేవాళ్ళు నటనకి పనికిరారని అక్క నమ్మకం. అందుకే ఎంపికలో ఆఖరి పరీక్ష రాత్రిపూట పెట్టేది. హాలంతా చీకటి. ఆ పలక మీద మాత్రం ఒక సన్నటి లైటు. కొత్తవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, దానిమీద నిలబడి తమ భాగం చెప్పాలి.

తమ్ముడు ముందే గుంతలో దూరి ఉండేవాడు. పలకల సందుకి నోరు ఆనించి గుసగుసలాడేవాడు — 'నీ వెనక ఎవరో ఉన్నారు...' 'నీ పేరు నాకు తెలుసులే...'

కొందరు ఏడ్చేవాళ్ళు. కొందరు చెప్పులు వదిలేసి పరిగెత్తేవాళ్ళు. ఒకడైతే అక్కడే బట్టలు తడుపుకుని, మళ్ళీ జన్మలో స్టేజీ ఎక్కలేదు. అక్కా తమ్ముళ్ళు అన్నం తింటూ వాణ్ణి అనుకరించి, కడుపు పట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

ఇదంతా అక్కడ లైట్ల పని చూసుకున్న పెద్దాయన చెప్పగా విన్నది. ఆయన్ని అందరూ బాబాయి అనేవాళ్ళు. ఆ రాత్రి సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు బాగా తగ్గిపోయేది.

ఆ ఏడు తమ్ముడు, స్టేజి వెనకనుంచి గుంతలోకి వెళ్ళే చిట్టి తలుపు దగ్గర తటపటాయించాడు.

"అక్కా, ఈసారికి వద్దే. పొద్దుట్నుంచీ ఛాతీ పట్టేసినట్టుంది. లోపల గాలాడదు."

"సరిగ్గా పరీక్ష మొదలయ్యే వేళకే వస్తాయిరా నీ రోగాలు," అంది అక్క. "దూరు."

"పోనీ గడియ పెట్టకు."

"పెట్టకపోతే ఎవడో ఒకడు తొంగి చూస్తాడు. ఇన్నేళ్ళు కాపాడుకొచ్చిన దెయ్యం... ఒక్కపూటలో నవ్వులపాలవుతుంది."

తమ్ముడు నడుం వంచి లోపలికి పాకాడు. ఆమె తలుపు మూసి, బయట గడియ పెట్టి, చేతులు దులుపుకుంటూ వచ్చి చివరి వరసలో కూర్చుంది. పక్కనే లైటు మీటల దగ్గర బాబాయి.

పరీక్ష మొదలైంది. మొదట వచ్చినవాడు రెండు మాటలు చెప్పి, ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి చూసి, దిగి పారిపోయాడు. తర్వాతామె ఏడ్చేసింది. అక్క చీకట్లోంచి "తర్వాత!" అని కేకేస్తూనే ఉంది.

చివరికి ఒక బక్కపల్చటి అమ్మాయి మిగిలింది. గొంతు కూడా సన్నం. అక్క ఆమెకి 'పిచ్చుక' అని పేరు పెట్టేసింది — మొహం మీదే.

"మాట మర్చిపోతే కంగారుపడకమ్మా పిచ్చుకా," అంది తియ్యగా. "కింద తాత ఉన్నాడు. ఆయన ఏం అందిస్తే అది చెప్పేయ్. పలక మాత్రం దిగకు. దిగావో... ఇంటికే."

పిచ్చుక పలకెక్కింది. రాజ్యం పోగొట్టుకున్న రాణి భాగం ఆమెది. మొదలుపెట్టింది... తడబడింది... ఆగిపోయింది. రెండు చేతులూ ఓణీ అంచుని నలిపేస్తున్నాయి.

అప్పుడు తల కాస్త కిందికి వంచింది. ఏదో వింటోంది.

"తలుపు..." అంది. "తలుపు తియ్..."

బాబాయి తలెత్తి చూశాడు. అక్క మాత్రం చీకట్లో నవ్వుకుంది. ఒంట్లో బాగాలేదంటూనే వీడు కొత్త కథ కట్టాడే!

"ఊపిరి... ఆడట్లేదు..."

ఆ సన్నటి గొంతులో వణుకు... అంత నిజమైన వణుకు ఆ స్టేజి మీద అక్క ఎప్పుడూ వినలేదు. కుర్చీలో ముందుకి జరిగింది.

"గట్టిగా!" అని అరిచింది. "వెనక వరసకి వినపడాలి!"

"ఊపిరాడట్లేదు!" పిచ్చుక గొంతు హాలంతా మోగింది. "గడియ తియ్! నీకు దణ్ణం పెడతా... గడియ తియ్!"

బాబాయి లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్... వాడు ఒంట్లో బాగాలేదన్నాడుగా. ఒక్కసారి చూసొస్తా."

"కూర్చో బాబాయ్. లైటు కదపకు. వాడి వేషాలు నాకు తెలీవా?"

స్టేజి మీద పిచ్చుక మెడ ఇంకా వంగింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎందుకో ఆమెకీ తెలీదు.

"చిట్టక్కా..." అంది.

అక్క మొహం మాడిపోయింది. అది ఇంట్లో పేరు. చిన్నప్పుడు చీకటికి జడిసి తన దుప్పట్లో దూరినప్పుడు వాడు పిలిచిన పేరు. పరాయిదాని నోట ఆ పేరు పలికిస్తాడా? ఒళ్ళు మండిపోయింది ఆమెకి. లేచి వెళ్ళి గడియ తియ్యొచ్చు... తియ్యలేదు. ఇంకాసేపు మగ్గనీ, అప్పుడు గానీ బుద్ధి రాదు — అనుకుంది.

"చిట్టక్కా... నవ్వకే... ఆట కాదే..."

ఆ తర్వాత నిశ్శబ్దం.

"ఆగావేం?" అంది అక్క.

"ఇంకేం... వినిపించట్లేదు మేడమ్."

అక్క చప్పట్లు కొట్టింది. ఖాళీ హాల్లో ఆ చప్పట్లు తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వచ్చాయి.

"నెగ్గావు పో! అక్కడే ఉండు. నీకు మాటలందించిన తాతని చెవి పట్టుకుని లాక్కొస్తా. చూద్దువుగాని నీ దెయ్యం సోకు!"

స్టేజి పక్కగా, తెరల వెనకనుంచి గుంత తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ తీసింది. తలుపు లాగింది.

"బైటికి రారా, చాల్లే!"

పలుకు లేదు.

ఫోన్లో టార్చి వేసి, మోకాళ్ళ మీద లోపలికి పాకింది.

తమ్ముడు పలక కిందే ఉన్నాడు. గోడకి ఆనుకుని, మొహం పైకెత్తి... పెదాలు పలకల సందుకి ఆనించి. వేళ్ళన్నీ చెక్కపేళ్ళు గుచ్చుకుని నెత్తురోడుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. పలకల సందులోంచి పడుతున్న సన్నటి వెలుగు ఆ కళ్ళ మీదే పడుతోంది. రెప్ప పడలేదు.

ఆమె అతని భుజం పట్టుకుని కుదిపింది. తల పక్కకి వాలిపోయింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. గుండె మీద చెవి ఆనించింది. ఏమీ లేదు.

పైన పలక కిర్రుమంది.

"మేడమ్..." అంది పిచ్చుక. "మళ్ళీ వినిపిస్తోంది మేడమ్..."

అక్క టార్చి తమ్ముడి మొహం మీదికి తిప్పింది. పైనుంచి ఆ సన్నటి గొంతు, ఒక్కో మాటా విని విని, జాగ్రత్తగా పలికింది —

"వచ్చావా... చిట్టక్కా..."

తెరిచి ఉన్న ఆ నోటినే చూస్తోంది ఆమె. పెదాలు కదల్లేదు.

"ఇరుకేం కాదులే... జరుగుతున్నా... కూర్చో."