పేరుకు అంటని రంగు

నల్లగొండలోని డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన స్వర్ణలత చేతిలో ఎర్ర రంగులో తడిసి ఉబ్బిపోయిన పుస్తకం ఉంది. “మూడు వందల కాపీలు సార్, అన్నీ గిట్లనే అయినయి. ఎల్లుండే ఆవిష్కరణ,” అంది.

అది అమెరికా నవలాకారుడు హార్లన్ బెక్విత్ నవలకు ఆమె చేసిన అనువాదం. ఆ పేరెత్తితే సగం అమెరికా మెచ్చుకుంటుంది, సగం మండిపడుతుంది. తమ్ముడి చావును, ఇంటి గుట్టును పూసగుచ్చినట్టు నవలకెక్కించిన మనిషి. అది చదివిన తల్లి మళ్లీ అతనికి తలుపు తీయలేదు.

డిటెక్టివ్ జాషువా పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. అట్ట పైభాగాన స్వర్ణలత పేరుంది. కింది నుంచి పాకిన ఎరుపు సరిగ్గా ఆ పేరు కింద గీత గీసినట్టు ఆగిపోయింది. సారు కళ్లు మెరిశాయంటే కేసు తేలిపోయినట్టేనని అసిస్టెంట్ జానీకి గట్టి నమ్మకం.

చౌటుప్పల్‌లో స్వర్ణలతది చేనేత ఇల్లు. పుస్తకాలున్న అర్ర పక్కనే రంగుల తొట్టి. ఆ నవల రావద్దని గొడవపడిన పక్కింటి డానియల్‌ను ముందుగా అడిగారు.

“ఆ బెక్విత్ నవలల పాస్టర్‌ను ఎక్కిరించిండు సార్. కోపమొచ్చింది, మొఖం మీదనే చెప్పిన. దొంగచాటుగ గీ పనెందుకు చేస్త?”

స్వర్ణలత తల్లి సుగుణమ్మ మగ్గం మీంచి తల ఎత్తలేదు. “నేను ఆ అర్రలకే పోలే, ఒక్క బుక్కు గూడ చూడలే. బిడ్డ పేరుకైతే రంగంటలే, గదే సాలు.”

మనవరాలు ప్రణీత టీ తెచ్చింది. తల్లి కోమల జ్వరంతో పోయిందని, అప్పటి నుంచి ఆ పిల్ల ఇక్కడే పెరుగుతోందని సుగుణమ్మ చెప్పింది.

“ముందుమాటల ఏం రాసినవమ్మా?” అని జాషువా స్వర్ణలతను అడిగాడు.

“మా కోమలక్క ముచ్చట సార్. బెక్విత్ లెక్క, ఏం దాచకుంట.”

జాషువా దాన్ని ఆమె కంప్యూటర్‌లో చదివి, అందరినీ పిలవమన్నాడు. “పిల్లను దుకాణంకు పంపుత సారు,” అని సుగుణమ్మ బతిమాలింది. ఎవరూ కదలొద్దన్నాడాయన. జానీ ఉత్సాహంగా తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

“కాగితం రంగును పైదాకా పీల్చుకుంటది,” అన్నాడు జాషువా. “గీత లెక్క ఆగాలంటే అక్కడ రబ్బరుతోని బిగించి కట్టాలె, చీరల తెలుపు నిలిపేందుకు నూలును కట్టినట్టు. పుస్తకాన్ని ముంచిన మనిషికి ఆ పేరంటే ప్రాణం. ఒక్క బుక్కు చూడని సుగుణమ్మకు, పేరు చెడలేదని ఎట్ల తెలిసింది?”

జానీ గర్వంగా చూస్తున్నాడు. జాషువా ఆగలేదు. “ఎందుకు చేసిందంటే, కోమల జ్వరంతో పోలేదని, తనే ప్రాణం తీసుకుందని ముందుమాటల ఉన్నది.”

“అవ్వా, సారు చెప్పేది మా అమ్మ గురించేనా?” అంది ప్రణీత.

సుగుణమ్మ స్వర్ణలత వైపు తిరిగింది. “రాయకని బతిమాలిన గద బిడ్డా! నలుగురి ముంగట దీనికి తెలవొద్దనే గద నేను గంత పాపం జేసిన. మీ బెక్విత్ తలుపు బయట ఏడ్చిండని సదివి వినిపిస్తివి. లోపల ఆ తల్లి ఎట్లున్నదో ఆయన గూడ రాయలే.”

ప్రణీత అర్రలోకి పోయి గడియ పెట్టుకుంది. స్వర్ణలత ఎంత తట్టినా తీయలేదు. అవ్వ పిలిస్తే తీసింది. సుగుణమ్మ లోపలికి వెళ్లగానే తలుపు మళ్లీ మూసుకుంది. స్వర్ణలత బయటే ఉండిపోయింది.

తిరుగు బస్సులో జాషువా ఎర్రబడ్డ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. “ఆ పిల్లను దుకాణంకు పంపనియ్యాల్సిందిరా జానీ,” అన్నాడు.

తలుపుకు అడ్డం నిలబడింది తనేనని జానీకి గుర్తొచ్చింది.